చిట్టా పోయిన డేటాబేస్: కోవూరు దగ్గర ఓ రైస్ మిల్లులో పని డైరీ

సోమవారం, మధ్యాహ్నం

మిల్లు నుంచి ఫోన్. "అబ్బయా, రాత్రి కరెంటు పోయి వచ్చినప్పట్నించి కాటా కంప్యూటరు తెరుచుకోవడంలా. ట్రాక్టర్లు హైవే మీద దాకా నిలబడుండాయి." గుమాస్తా గారి గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది. ఏప్రిల్ నెల, కోతలు ముమ్మరంగా ఉన్న రోజులు. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం మధ్య ఏ మిల్లులోనైనా ఇప్పుడు ఒక గంట కాటా ఆగితే రైతుకీ నష్టమే, మిల్లుకీ నష్టమే.

బయల్దేరే ముందు ఫోన్లోనే రెండు మాటలు చెప్పాను. బరువు చూపించే మీటరుకి కంప్యూటరుతో పని లేదు కాబట్టి, అందులో చూసి చేత్తో చీటీలు రాసివ్వండి, పాత నంబర్లతో కలవకుండా ఎర్ర సిరాతో వేరే వరుస మొదలుపెట్టండి అని ఒకటి. కంప్యూటర్లో ఎవరినీ ఏ ఫైలూ తుడవనివ్వొద్దు అని రెండోది. డేటాబేస్ లేవనప్పుడు జరిగే అసలు నష్టం చాలాసార్లు ఆ తర్వాతి గంటలోనే జరుగుతుంది. ఇక్కడి డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్. ప్రతి మార్పునీ అది ముందుగా రాసుకునే చిట్టా ఫైళ్లుండే ఫోల్డరు పేరు పూర్వం పీజీ_ఎక్స్‌లాగ్. లాగ్ అని ఉంది కదా, పనికిరాని పాత ఫైళ్లేమో అనుకుని డిస్కు నిండినప్పుడు తుడిచేసినవాళ్లు ఎంతోమంది. అందుకే 2017లో వచ్చిన 10వ వెర్షన్‌లో దాన్ని పీజీ_వాల్‌గా మార్చారు. దాంతోపాటే, ఉన్న చిట్టాని పారేసి ఖాళీది పెట్టే పీజీ_రీసెట్‌ఎక్స్‌లాగ్ అనే పనిముట్టు పీజీ_రీసెట్‌వాల్ అయింది.

ఇక్కడున్నది మామూలు ఆఫీసు డెస్క్‌టాప్. ఉబుంటు, దాని మీద పోస్ట్‌గ్రెస్ 14. కాటా చీటీలు, రైతుల ఖాతాలు, చెల్లింపులు, బియ్యం లోడ్లు అన్నీ అందులోనే ఉన్నాయి. సర్వీసు మొదలుపెడితే లాగ్‌లో మూడు వరుసలు రాసి ఆగిపోతోంది. డేటాబేస్ నడుస్తుండగా మధ్యలో ఆగిందని మొదటిది, చెక్‌పాయింట్ రికార్డు చెల్లదని రెండోది. మూడోది పానిక్: సరైన చెక్‌పాయింట్ రికార్డు దొరకలేదు.

గుమాస్తా గారికి సంగతి వివరంగా చెప్పాను, ఎందుకంటే ముందు ముందు ఆయన సాయం లేకుండా ఈ పని తేలదు. ఆయన ముప్పై ఏళ్లు చిట్టా, ఆవర్జా చేత్తో రాసిన మనిషి. లావాదేవీ ఏదైనా ముందు చిట్టాలో పడుతుంది, తర్వాత తీరిగ్గా ఆవర్జాలో ఎవరి ఖాతాలోకి వాళ్లకి ఎక్కుతుంది. పోస్ట్‌గ్రెస్ కూడా 2001లో వచ్చిన 7.1 వెర్షన్ నుంచి ఇదే పద్ధతిలో నడుస్తోంది. చెక్‌పాయింట్ అంటే, ఇక్కడిదాకా చిట్టాలో ఉన్నదంతా ఆవర్జాకి ఎక్కించాం అని గీత గీయడం. సెట్టింగు మార్చకపోతే ఐదు నిమిషాలకోసారి ఆ గీత పడుతుంది. కరెంటు పోయి వచ్చాక ఆ గీత దగ్గర్నించి చిట్టా చదువుకుంటూ మిగిలినవి ఎక్కించుకుంటుంది. ఇప్పుడు గీత ఉన్న పుటే చదవడానికి రావడం లేదు.

"మరి ఆవర్జా ఉండాదా?" అన్నారు.

ఉంది. కానీ ఎవరి ఖాతా ఎంతవరకు ఎక్కిందో చెప్పే చిట్టా లేదు. రాబోయే రోజుల పనంతా దీని మీదే.

సోమవారం, రాత్రి

ముందు కాపీ. సర్వీసు ఆపి, పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్ ఒక్కటి కూడా బతికి లేదని చూసుకుని, డేటా ఫోల్డరు మొత్తాన్ని బయటి డిస్కులోకి తీశాను. పీజీ_వాల్‌లో పాడైన ఫైళ్లతో సహా. డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టు కూడా చూశాను, అందులో తప్పులేమీ లేవు. ఇక్కణ్నుంచి ఏ ప్రయోగం చేసినా కాపీకి తీసిన కాపీ మీదే. అసలు డిస్కుని పీకి బీరువాలో పెట్టించాను. ఈ పనిలో వెనక్కి రావడానికి ఉన్న దారి అదొక్కటే.

తర్వాత బ్యాకప్‌ల సంగతి. రోజూ రాత్రి డంప్, అంటే డేటా మొత్తానికి నకలు, తీసే ఏర్పాటు ఉంది కానీ అది రాసే డిస్కు నిండిపోయి, ఉగాది ముందు రోజు తర్వాత ఒక్కటీ పూర్తి కాలేదు. చిట్టా ఫైళ్లని వేరే చోట దాచే ఆర్కైవింగ్ అసలు పెట్టలేదు. అది ఉండి ఉంటే, డేటా ఫోల్డరుకి ముందే తీసిపెట్టుకున్న బేస్ బ్యాకప్ మీద ఆ ఫైళ్లని ఎక్కించి కరెంటు పోయిన నిమిషం దాకా వచ్చేవాళ్లం, పీజీ_రీసెట్‌వాల్ పేరెత్తే అవసరమే ఉండేది కాదు. ఉగాది ముందు నాటి డంప్ మాత్రం బాగానే తెరుచుకుంది. సరిపోల్చుకోవడానికి అది చాలా విలువైనది. ఆ తేదీకి ముందు వరుసల్లో తేడా కనిపిస్తే వెంటనే పట్టుకోవచ్చు.

ఇక ఏం పాడైందో చూడాలి. పీజీ_కంట్రోల్‌డేటా అనే పనిముట్టు సర్వర్ నడవకపోయినా, డేటాబేస్ స్థితి రాసి ఉండే కంట్రోల్ ఫైలు చదివి చెబుతుంది. స్థితి: నడుస్తోంది. చివరి చెక్‌పాయింట్ ఫలానా చిట్టా ఫైల్లో ఉంది అని ఫైలు పేరు కూడా చెప్పింది: 000000010000000200000064. ఈ 24 అంకెల్లో మొదటి ఎనిమిది టైమ్‌లైన్, మిగతావి చిట్టాలో స్థానం. ఫైలు ఉంది, సైజు కూడా పద్ధతి ప్రకారం 16 ఎంబీ. చిట్టా ఫైళ్లని చదివి చూపించే పీజీ_వాల్‌డంప్‌తో చదివితే కొంతదూరం రికార్డులు వచ్చి ఆగిపోయాయి. హెక్స్‌లో, అంటే ఫైల్లోని బైట్లు ఉన్నవి ఉన్నట్టుగా, తెరిచి చూస్తే అక్కణ్నుంచి ఫైలు చివరిదాకా సున్నాలే. చెక్‌పాయింట్ ఉండాల్సిన చోటు ఆ సున్నాల్లోనే ఉంది.

అంటే, చిట్టాలో గీత గీశానని కంట్రోల్ ఫైలు డిస్కుకి చేరింది, గీసిన పుట మాత్రం చేరలేదు. సక్రమంగా ఉన్న పోస్ట్‌గ్రెస్‌లో ఈ వరుస తారుమారు కాకూడదు. చిట్టా డిస్కులో పడిందని ఖాయం చేసుకున్నాకే కంట్రోల్ ఫైలు రాస్తుంది. సెట్టింగుల ఫైలు తెరిచాను. ఎఫ్‌సింక్ ఆఫ్ అని ఉంది.

మంగళవారం

ఎఫ్‌సింక్ గురించి కాస్త ఎక్కువే రాస్తాను. నెల్లూరు చుట్టుపక్కల చిన్న ఆఫీసుల్లో ఈ సెట్టింగు నాకు ఇంతకుముందూ ఎదురైంది.

మనం ఫైల్లో ఏదైనా రాస్తే లైనక్స్ దాన్ని ముందు మెమరీలో ఉంచుకుంటుంది. డిస్కుకి పంపడానికి అరనిమిషం దాకా తాత్సారం చేయొచ్చు, ఏది ముందు పంపాలో కూడా తనకి నచ్చిన వరుసలో చేస్తుంది. "ఇది డిస్కులో పడేదాకా నేను కదలను" అని చెప్పే పిలుపే ఎఫ్‌సింక్. దాన్ని ఆపేస్తే పోస్ట్‌గ్రెస్ అడగడం మానేస్తుంది. కరెంటు ఉన్నంతకాలం అంతా బాగానే ఉంటుంది, పైగా వేగంగా ఉంటుంది. ఈ సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు ఇక్కడ పాత తిరిగే హార్డ్ డిస్కు ఉండేదట. 7200 ఆర్‌పీఎం డిస్కు సెకనుకి తిరిగేదే 120 సార్లు. అది నిజాయితీగా రాస్తే ఒక్కో కమిట్‌కి, అంటే లావాదేవీని ఖాయం చేసిన ప్రతిసారీ, ఆ చుట్టు కోసం ఆగాల్సిందే. చీటీ ప్రింటు ఆలస్యమవుతోందని ఎవరో ఎఫ్‌సింక్ తీసేశారు. తర్వాత ఎస్‌ఎస్‌డీ వచ్చింది, సెట్టింగు మాత్రం అలాగే ఉండిపోయింది.

వేగమే కావాలనుకుంటే దానికి సింక్రనస్ కమిట్ అనే వేరే సెట్టింగు ఉంది. దాన్ని ఆపితే కరెంటు పోయినప్పుడు చివరి అరసెకను, ముప్పావు సెకను లావాదేవీలు పోవచ్చు. కానీ పోయినవి పూర్తిగా పోతాయి, ఉన్నవి పూర్తిగా ఉంటాయి. డేటాబేస్ పాడవదు. ఎఫ్‌సింక్ ఆపితే ఏది పోయిందో, ఏది సగం మిగిలిందో కూడా తెలియదు. రెండింటి మధ్య తేడా ఇంత ఉంటే మొదటిది పెట్టేవాళ్లు తక్కువ, రెండోది పెట్టేవాళ్లు ఎక్కువ కావడం నాకు నిజంగా బాధ. రైతు పండించిన పంట డబ్బులు ఆ వరుసల్లో ఉంటాయి.

మధ్యాహ్నం నుంచి రీసెట్‌కి ఏర్పాట్లు. అదే ఉబుంటు వెర్షన్, అదే పోస్ట్‌గ్రెస్ 14 ఉన్న ఇంకో కంప్యూటర్‌లోకి కాపీ మార్చాను. పీజీ_రీసెట్‌వాల్ తన మేజర్ వెర్షన్ డేటా ఫోల్డరునే ముట్టుకుంటుంది. ఉబుంటు కూడా అదే ఎందుకంటే, అక్షరాల వరుసక్రమం సిస్టమ్ లైబ్రరీ నుంచి వస్తుంది. లైబ్రరీ మారితే పేర్ల మీద ఉన్న ఇండెక్సులు తప్పు వరుసలో కనిపించవచ్చు. ఉన్న తలనొప్పికి ఇంకోటి కలిపి, ఏది దేనివల్ల వచ్చిందో తెలియకుండా చేసుకోవడం ఎందుకు?

ముందు హైఫన్ ఎన్ పెట్టి నడిపాను. ఏమీ మార్చకుండా, ఏం రాయబోతోందో మాత్రమే చూపిస్తుంది. ఇక్కడ నిదానంగా చూడాల్సింది తర్వాతి లావాదేవీ నంబరు. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి వరుస మీదా దాన్ని రాసిన లావాదేవీ నంబరు ఉంటుంది. కంట్రోల్ ఫైల్లో ఉన్నది చివరి గీత నాటి నంబరు. గీత తర్వాత కూడా చీటీలు పడ్డాయి కదా, వాటి నంబర్లు దానికంటే పెద్దవి. పాత నంబరుతోనే మొదలెడితే, ఇప్పటికే వాడిన నంబర్లని కొత్త లావాదేవీలకి మళ్లీ ఇచ్చేస్తుంది. ఎప్పుడో సగంలో ఆగిపోయిన వరుసలు కొత్త నంబరు కమిట్ కాగానే తామూ కమిట్ అయినట్టు కనిపిస్తాయి.

దీనికి పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్లోనే లెక్క ఉంది. ఏ లావాదేవీ కమిట్ అయిందో రాసుకునే పీజీ_ఎక్సాక్ట్ ఫోల్డరులో అన్నిటికంటే పెద్ద పేరున్న ఫైలు చూడాలి. ఒక్కో లావాదేవీకి రెండు బిట్లు, ఒక్కో ఫైలు 256 కేబీ, కాబట్టి ఒక్కో ఫైల్లో 10,48,576 లావాదేవీలు. ఇక్కడ పెద్ద ఫైలు 0004. దానికి ఒకటి కలిపి గుణిస్తే 52,42,880. హైఫన్ ఎక్స్‌తో ఆ నంబరు ఇచ్చాను. సరిగ్గా కొత్త ఫైలు మొదలయ్యే చోట పడుతుంది కాబట్టి ఆ ఫైలుని సర్వరే తయారుచేసుకుంటుంది. ఆ ఫైళ్ల పేర్లు పదహారు ఆధారంగా ఉండే అంకెలని మర్చిపోకూడదు. 0010 అంటే పది కాదు, పదహారు.

చిట్టా ఫైళ్ల కొత్త నంబరుని అది తనే ఎంచుకుంది. ఫోల్డరులో ఉన్న పేర్లన్నీ చూసి అన్నిటికంటే పై నంబరు తీసుకుంటుంది. ఒకే వరుసని పట్టుకున్న లావాదేవీల గుంపుకిచ్చే మల్టీఎక్సాక్ట్ విలువలు ఫైళ్ల పేర్లతో సరిపోయాయి, వాటి జోలికి వెళ్లలేదు.

బుధవారం, పొద్దున

సర్వర్ నడుస్తోందనడానికి గుర్తుగా ఉండే పోస్ట్‌మాస్టర్ పిడ్ ఫైలు పాతది కాపీతోపాటు వచ్చింది, అది ఉంటే రీసెట్ ఒప్పుకోదు. సర్వర్ నిజంగా నడవడం లేదని మళ్లీ ఒకసారి చూసుకుని దాన్ని తీసేశాను. రూట్‌గా నడవదు, పోస్ట్‌గ్రెస్ యూజర్‌గా నడపాలి. సర్వర్ సక్రమంగా ఆగలేదు కాబట్టి బలవంతం చేస్తే తప్ప రాయదు, హైఫన్ ఎఫ్ కావాలి. కొట్టాను. రీసెట్ అయిందని ఒక్క వరుస వచ్చింది.

సర్వర్ లేపేముందు మూడు మార్పులు చేశాను. కనెక్షన్ల ఫైల్లో నేను తప్ప ఇంకెవరూ రాకుండా కట్టేశాను. ఆటోవాక్యూమ్ ఆపాను, అది వెనకాల పేజీలు శుభ్రం చేయడం మొదలెడితే సాక్ష్యం చెరిగిపోతుంది. లావాదేవీలన్నీ చదవడానికే అని పెట్టాను. ఆ తర్వాత లేపితే లేచింది. టేబుళ్లన్నీ కనిపించాయి. రైతుల జాబితా అడిగితే వచ్చింది.

మిల్లు యజమాని పక్కనే ఉన్నారు. "అయిపోయినట్టేగా, కాటాకి కలిపేయ్" అన్నారు.

కలపలేనని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఇప్పుడు జరిగిందల్లా పాడైన చిట్టాని పారేసి ఖాళీ చిట్టా పెట్టడమే. పారేసినదాంట్లో ఆవర్జాకి ఎక్కాల్సిన వరుసలున్నాయి, ఇక ఎక్కవు. ఇంకో నష్టం కూడా ఉంది. పోస్ట్‌గ్రెస్ పేజీ 8 కేబీ, డిస్కు దాన్ని ముక్కలుగా రాస్తుంది. కరెంటు పోయిన క్షణాన సగం పేజీ కొత్తది, సగం పాతది కావచ్చు. అందుకే చెక్‌పాయింట్ తర్వాత ఒక పేజీ మొదటిసారి మారినప్పుడు ఆ పేజీ మొత్తాన్ని చిట్టాలో నకలు తీసి పెడుతుంది, లేచేటప్పుడు దాన్నుంచి బాగుచేస్తుంది. చిట్టాతోపాటు ఆ నకళ్లు కూడా పోయాయి. కాబట్టి సర్వర్ లేచిందంటే లెక్కలు సరిగ్గా ఉన్నాయని కాదు. ఇందులోంచి డంప్ తీసి, కొత్త డేటాబేస్ కట్టి, బయటి కాగితాలతో సరిపోల్చేదాకా దీని మీద ఒక్క చీటీ కూడా రాయకూడదు. డాక్యుమెంటేషన్ కూడా రీసెట్ తర్వాత వెంటనే డంప్ తీసి కొత్తగా ఎక్కించమనే చెబుతుంది.

ఆయన కాసేపు ఆలోచించి, "ఎర్ర సిరా చీటీలే నడిపిద్దాం" అన్నారు. ఆ నిర్ణయానికి ఆయనకి రుణపడి ఉంటాను.

బుధవారం, సాయంత్రం

పీజీ_యామ్‌చెక్ నడిపాను. 14తో వచ్చిన పనిముట్టు, టేబుళ్లనీ ఇండెక్సులనీ తిరగేసి లోపల పొంతన లేనివి చెబుతుంది. మూడు టేబుళ్ల మీద అనుమానం చూపించింది: కాటా చీటీలు, చెల్లింపులు, రైతుల ఖాతాలు. మూడూ ఆ రోజు రాత్రి దాకా కదులుతున్నవే. పాత బియ్యం లోడ్ల జోలికి ఏమీ రాలేదు.

డంప్ కాటా చీటీల దగ్గర ఆగింది. 1186వ బ్లాకులో చెల్లని పేజీ అని ఎర్రర్. దీనికి పాడైన పేజీలని సున్నాలు చేసి దాటిపోయే సెట్టింగు ఉంది. చాలామంది ముందు దాని దగ్గరికే వెళ్తారు. నేను ఆఖరికి తప్ప వాడను, పేజీలో ఏముందో చూసే అవకాశం కూడా పోతుంది. ఆ టేబుల్ డేటా తప్ప మిగతావన్నీ డంప్ తీశాను. చీటీలని మాత్రం సీటీఐడీ పట్టుకుని రెండు ముక్కలుగా తీశాను. సీటీఐడీ అంటే వరుస ఏ బ్లాకులో, ఎన్నో స్థానంలో ఉందో చెప్పే చిరునామా. 14 నుంచి ఈ చిరునామాల హద్దు ఇచ్చి అడిగితే ఆ హద్దులోని బ్లాకులనే చదువుతుంది. 1186 కంటే ముందువన్నీ ఒక ఫైలు, 1187 నుంచి చివరిదాకా ఇంకో ఫైలు. పాడైన బ్లాకుని చదవకుండానే పని జరిగింది.

ఆ బ్లాకుని విడిగా హెక్స్‌లో చూశాను. సరిగ్గా మొదటి 4 కేబీ సున్నాలు, మిగతా 4 కేబీలో వాహనాల నంబర్లు, ఊళ్ల పేర్లు కనిపిస్తున్నాయి. హెడరు, వరుసల చిరునామాల పట్టీ పేజీ మొదట్లోనే ఉంటాయి కాబట్టి సర్వర్‌కి అది పనికిరాని పేజీ. కానీ కంటికి కనిపించిన ఆ నంబర్లు రేపు కాగితాలతో పోల్చడానికి పనికొస్తాయని రాసిపెట్టుకున్నాను.

గురువారం

కొత్త డేటాబేస్ కట్టాను. ఈసారి చెక్‌సమ్‌లతో, అంటే పేజీ చదివిన ప్రతిసారీ అది రాసినట్టే ఉందో లేదో లెక్క చూసుకుంటుంది. 18వ వెర్షన్ నుంచి ఇవి అడగకుండానే ఉంటాయి, 14లో మనమే చెప్పాలి. ఎఫ్‌సింక్ ఆన్.

ఎక్కించడం మొదలెట్టాక బయటపడ్డవి ఈ పని మొత్తంలో నాకు ఎక్కువ నేర్పాయి. డంప్ ఎక్కించేటప్పుడు ముందు డేటా వెళ్తుంది, తర్వాత ఇండెక్సులు, ఫారిన్ కీలు (ఒక టేబుల్‌లో చెప్పిన వరుస ఇంకో టేబుల్‌లో ఉండి తీరాలన్న నియమాలు) కడుతుంది. పొంతన లేని ప్రతిదీ అక్కడ ఆగుతుంది.

మొదట రైతుల ఖాతాల్లో ప్రైమరీ కీ, అంటే ఒక నంబరు ఒక్క వరుసకే ఉండాలన్న నియమం, కట్టనన్నది. ఒకే ఖాతా నంబరుతో రెండు వరుసలున్నాయి. ఒకదాంట్లో మిల్లు ఇవ్వాల్సిన బాకీ 1,84,000, ఇంకోదాంట్లో 84,000. పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ అంటే పాత వరుసని చెరిపి రాయడం కాదు. కొత్త వరుస రాసి, పాతదాని మీద ఇక చెల్లదని గుర్తు వేస్తుంది. రెండూ వేర్వేరు పేజీల్లో పడ్డాయి. కొత్త వరుస ఉన్న పేజీ డిస్కుకి చేరింది, గుర్తు వేసిన పాత పేజీ చేరలేదు. అందుకని రెండూ బతికే ఉన్నాయి. చెల్లింపుల టేబుల్‌లో చూస్తే ఆ లక్ష రూపాయల వరుస అసలు లేదు. డబ్బు ఇచ్చినట్టు ఆధారం లేదు, ఇచ్చాక మిగలాల్సిన బాకీ మాత్రం ఉంది.

చెల్లింపుల టేబుల్‌ని నమ్మి లెక్కవేస్తే ఆ రైతుకి లక్ష రెండోసారి వెళ్లేది. చిన్న బాకీనే కళ్లు మూసుకుని తీసుకుంటే, ఈసారికి సరిపోయినా ఇంకో ఖాతాలో అదే పద్ధతి రైతుని ముంచొచ్చు. గుమాస్తా గారు బ్యాంకు స్టేట్‌మెంటు తీయించారు. ఆదివారం సాయంత్రం బదిలీ ఉంది. 84,000 ఉంచి, చెల్లింపు వరుసని బ్యాంకు రెఫరెన్సుతో చేత్తో చేర్చాం, రైతుకి ఫోన్ చేసి అడిగాం కూడా. ఇలాంటి జంట ఖాతాలు ఇంకొన్ని వచ్చాయి. ఒక్కోదానికి కాగితం చూశాకే ఒకటి ఉంచాం.

తర్వాత ఫారిన్ కీ ఆగింది. లేని చీటీలకి చెల్లింపులున్నాయట. అవి 1186వ బ్లాకులో పోయిన చీటీలు. చీటీ నంబర్ల వరుసలో మధ్యలో లేనివి ఏవో ఒక క్వెరీతో తీస్తే, ఆదివారం మధ్యాహ్నం నుంచి 58 నంబర్లు వరసపెట్టి కనిపించలేదు. వాటితోపాటు పాత నెలల్లో కూడా అక్కడక్కడ ముప్పై చిల్లర నంబర్ల ఖాళీలు కనిపించాయి. యజమాని అది చూసి కంగారుపడ్డారు, ఎప్పట్నించి చీటీలు మాయమవుతున్నాయి అని. అవి మాయమైనవి కాదు. చీటీలకి వరుస నంబర్లిచ్చేది సీక్వెన్స్. ఆ నంబర్లని పోస్ట్‌గ్రెస్ ఒక్కొక్కటిగా చిట్టాకి ఎక్కించదు, ముందుగానే 32 వాడేసినట్టు రాసుకుంటుంది. కరెంటు పోయి లేస్తే అక్కణ్నుంచి మొదలెడుతుంది, మధ్యవి దూకేస్తుంది. ఆ ఖాళీల తేదీలు మిల్లులో కరెంటు పోయిన రోజులే. ఆ నంబర్లతో కాగితం చీటీ ఒక్కటీ లేదు.

శుక్రవారం

రోజంతా కాటా గదిలోనే. ఇక్కడ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు ఒకేసారి మూడు ప్రతులు కొడుతుంది. ఒకటి రైతుకి, ఒకటి డ్రైవరుకి, మూడోది గోడకి కొట్టిన ఇనప తీగకు గుచ్చుతారు. ఆ తీగ మీద ఆదివారం చీటీలన్నీ వరుసగా ఉన్నాయి. గుమాస్తా గారు చదువుతుంటే నేను ఎక్కించాను, తర్వాత నేను చదువుతుంటే ఆయన సరిచూశారు.

మూడో ప్రతిలో కార్బన్ మసగ్గా పడింది. ఒక లారీ చీటీ నిండు బరువు 16,210 అని చదవాలో 16,270 అని చదవాలో తేలలేదు. ఖాళీ బరువు 5,160 స్పష్టంగా ఉంది. నికర బరువు దగ్గర కాగితం చిరిగింది. కానీ కింద గుమాస్తా గారు అలవాటుగా పెన్నుతో 13 పు. అని రాసి ఉన్నారు. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు, 13 పుట్లంటే 11,050. దానికి 5,160 కలిపితే 16,210. బుధవారం రాసిపెట్టుకున్న హెక్స్ కాగితంలో ఆ లారీ నంబరు పక్కన 16210 అని కూడా దొరికింది.

58 చీటీలూ ఎక్కాక ఫారిన్ కీ ఏ అడ్డూ లేకుండా కట్టింది. సీక్వెన్సులన్నిటినీ ఆయా టేబుళ్లలో ఉన్న పెద్ద నంబరుకి జరిపాను. రీసెట్ తర్వాత అవి వెనకబడి ఉండొచ్చు, అలా వదిలేస్తే మొదటి కొత్త చీటీకే డూప్లికేట్ అని ఆగిపోతుంది. ఉగాది ముందు నాటి డంప్‌ని పక్కన వేరే పేరుతో ఎక్కించి, ఆ తేదీ దాకా ఉన్న చీటీల మొత్తం బరువు, చెల్లింపుల మొత్తం రెండింట్లోనూ తీసి చూశాను. రూపాయి, కిలో తేడా లేదు. ఆ తేదీ నుంచి ఆదివారం దాకా రోజువారీ మొత్తాలని గుమాస్తా గారి నోటు పుస్తకంతో చూశాం. ఒక రోజు మాత్రం 40 కిలోలు తేడా వచ్చింది. తేమ తరుగు రాయడంలో పుస్తకంలో జరిగిన పొరపాటని ఆయనే చీటీ వెతికి తేల్చారు.

ఎర్ర సిరా చీటీలన్నీ ఎక్కించి, రాత్రికి కాటా గదిని కొత్త డేటాబేస్‌కి కలిపాం.

తర్వాతి వారం

చెన్నై రిచ్చీ స్ట్రీట్ నుంచి కరెంటు పోయినా చేతిలో ఉన్నది రాసేసే కెపాసిటర్లున్న ఎస్‌ఎస్‌డీ తెప్పించాం. మామూలు ఎస్‌ఎస్‌డీల్లో కొన్ని డేటా ఇంకా లోపలి క్యాష్‌లో ఉండగానే రాసేశామని చెప్పేస్తాయి. అప్పుడు ఎఫ్‌సింక్ ఆన్‌లో ఉన్నా పూర్తి భరోసా ఉండదు. యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేయించి, చార్జింగ్ తగ్గితే కంప్యూటర్‌ని సక్రమంగా ఆపేలా యూఎస్‌బీ కేబుల్‌తో కలిపాను.

ఆర్కైవింగ్ పెట్టాను. చిట్టా ఫైలు నిండగానే, నిండకపోయినా నిమిషానికోసారి, యజమాని ఇంట్లో ఉన్న ఇంకో కంప్యూటరుకి కుదించి వెళ్తుంది. వారానికోసారి పీజీ_బేస్‌బ్యాకప్. అవతలి కంప్యూటరు ఆగితే ఫైళ్లు ఇక్కడ పేరుకుపోయి డిస్కు నిండుతుంది కాబట్టి, పీజీ_స్టాట్_ఆర్కైవర్‌లో వైఫల్యాల లెక్క పెరిగితే నా ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా చేశాను. ఉగాది తర్వాత డంపులు ఆగిన సంగతి ఎవరికీ తెలియకపోవడానికి కారణం ఇలాంటి కబురు చెప్పేది లేకపోవడమే.

నిన్న పరీక్ష చేశాం. యజమానిని ఒక సమయం చెప్పమంటే సాయంత్రం 4:15 అన్నారు. బేస్ బ్యాకప్, ఆర్కైవ్ ఫైళ్లు మాత్రమే తీసుకుని వేరే కంప్యూటర్‌లో 4:15 దగ్గర ఆగమని చెప్పి లేపాను. వచ్చిన చివరి చీటీ నంబరుని తీగ మీద ఉన్న చీటీతో గుమాస్తా గారు సరిచూశారు. అదే నంబరు, 4:13 టైము. నెలకోసారి ఈ పరీక్ష ఆయన చేతే చేయించాలని, నడిపే కమాండ్లన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసి కాటా గదిలో అతికించాను.

మిగిలింది వెర్షన్ మార్పు. పోస్ట్‌గ్రెస్ 14కి 2026 నవంబరుతో మద్దతు ఆగిపోతుంది. ఈ గొడవలో దాన్ని కలపలేదు. ఈ కోతల హడావిడి తగ్గాక, ఎడగారు, అంటే రెండో పంట, ధాన్యం మిల్లుకి రావడం మొదలయ్యేలోపు చేద్దామని యజమానితో మాట్లాడుకున్నాం. బీరువాలో ఉన్న పాత డిస్కు అప్పటిదాకా అక్కడే ఉంటుంది.